అయస్కాంతాలు ఆపి నీళ్ళు చెప్పిన వారం

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఒక ప్రశ్నకు సిద్ధపడి ఉండాలి. "ఈ వారం ఏం పాఠం జరుగుతోంది?" తనిఖీకి వచ్చినవారు అడుగుతారు, హెడ్మాస్టరు అడుగుతారు, బస్సులో పక్కన కూర్చున్న వేరే ఊరి మేష్టరూ అడుగుతాడు. జవాబు కష్టమేమీ కాదు. ప్రణాళికలో ఆ వారానికి ఎదురుగా ఏముంటే అది చెప్పేస్తే ఎదుటివాళ్ళకు తృప్తి. నాకు మాత్రం రిటైరయ్యేదాకా ఆ ప్రశ్న వింటేనే ఒళ్ళు మండేది. నేనేం చెబుతున్నానో నాకు తెలుసు. పిల్లలేం నేర్చుకుంటున్నారో ఎవరికి తెలుసు?

మాకు ఎప్పుడు ప్రమోషనొచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్న కథలు మీకు స్టాఫ్ రూముల్లో బోలెడు దొరుకుతాయి. నేను ఒక్క వారం గురించి రాస్తాను. నా చాకిరీ మొత్తం మీద అంత మంచి పాఠం మళ్ళీ చెప్పలేదు. అంతగా దెబ్బ తిన్న పాఠమూ ఇంకొకటి లేదు.

బోర్డు మూలన పేరు

డెబ్బైల చివర పాకాలకూ పూతలపట్టుకూ మధ్య ఒక పల్లెలో, అప్పర్ ప్రైమరీ స్కూల్లో సైన్సు చెప్పడానికి చేరాను. ఊరి పేరు రాయను. ఇల్లు తిరుపతిలో. పొద్దున్నే పాసింజరు ఎక్కి పాకాలలో దిగి, బస్సు దొరికితే బస్సు, లేకపోతే చెనక్కాయ చేల గట్ల మీద నడక. మాది కోవెల కైంకర్యం చేసుకునే కుటుంబం. ఉద్యోగానికి పో, కానీ బయట పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు అన్నది మా నాయన షరతు. అందుకని మూతకు మర ఉండే ఇత్తడి మరచెంబులో ఇంటి నీళ్ళు తీసుకుపోయేదాన్ని.

నాకు నిలకడ తక్కువ. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం చేతకాదు. బెంచీల మధ్య తిరుగుతూనే ఉంటాను. "టీచర్ కాళ్ళకి సక్రాలుండాయిరా" అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

హెడ్మాస్టరు మునిరత్నం నాయుడు గారు నాకు పూర్తిగా వ్యతిరేకం. కదలరు, మాట పెంచరు. ప్రతి సోమవారం నల్లబల్ల కుడి మూలన ఆ వారం పాఠం పేరు రాయాలి, శనివారం దాకా చెరపకూడదు అన్నది ఆయన చట్టం. పిల్లలకు అర్థమయిందా లేదా అని నన్ను ఒక్కసారీ అడగలేదు. మూలన పేరు ఉందా లేదా, అంతే. మొదటి ఏడాది ఆయన్ని చాతకాని మనిషి కింద జమకట్టేశాను. అది తొందరపాటు. పై అధికారిని మొదటి ఏడాదిలోనే తూకం వేసేయకండి.

మార్చి వస్తే

చేరిన ఏడాది మార్చిలో ఏడో తరగతి సగం ఖాళీ అయిపోయింది. బెల్లం గానుగల కాలం కదా, చెరకు మోయడానికి పోయారేమో అనుకున్నాను. నాయుడు గారిని అడిగాను.

"నారి లేమ్మా" అన్నారాయన తల ఎత్తకుండానే. "ఈ ఊర్లో ప్రతి ఏడూ ఇంతే. ఎండలు ముదిరితే కాళ్ళలోనుంచి బయటికొస్తాది. జూనుకంతా సర్దుకుంటాది."

నారిపుండు ఈ తరం వాళ్ళు చూసి ఉండరు. చూడనవసరం లేకపోవడం అదృష్టం. చీలమండ దగ్గర బొబ్బ లేచి నిప్పు పెట్టినట్టు మండుతుంది. బొబ్బ పగిలితే లోపలినుంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగాలి. తొందరపడితే తెగుతుంది, తెగితే కాలు చీము పట్టి మనిషి మంచాన పడతాడు. అప్పట్లో ఏడో తరగతికి కామన్ పరీక్ష, పాకాలకు పోయి రాయాలి. నడవలేనివాళ్ళు పోలేదు. పోనివాళ్ళలో మగపిల్లలు గొర్రెల వెంట పడ్డారు, ఆడపిల్లలు పొయ్యి దగ్గర కుదిరారు. జూనుకు కాళ్ళు సర్దుకున్నాయి, నిజమే. బడికి మాత్రం ఎవరూ తిరిగి రాలేదు.

నన్ను ఎక్కువగా తొలిచింది ఇంకొకటి. నీళ్ళు ఎలా తాగాలో మా పుస్తకంలో ఉంది. "నీటిని మరిగించి త్రాగవలెను" అని జూలైలో నేనే చెప్పాను, అందరూ తప్పుల్లేకుండా రాశారు, నేను సంతోషంగా మార్కులు వేశాను. ఆ జవాబు రాసిన చేతులతోనే సాయంత్రం దిగుడుబావిలోకి దిగి, దోసిలి పట్టి తాగి ఇళ్ళకు పోయారు. మరిగించాలంటే కట్టెలు కావాలి. సంగటి వండుకోవడానికే కట్టెలు ఏరుకొచ్చే ఇళ్ళు అవి. ఆ మాట పుస్తకం రాసినవాళ్ళకు తట్టలేదు, చెప్పిన నాకూ తట్టలేదు.

రెడ్డెమ్మ అడిగిన ప్రశ్న

మరుసటి ఏడాది ఫిబ్రవరి చివర. ఆరో తరగతి బోర్డు మూలన "అయస్కాంతములు" అని ఉంది. ఇనుప రజను కాగితం మీద పోసి కింద అయస్కాంతం జరుపుతున్నాను. పిల్లలకు పండగగా ఉంది. ముందు వరసలో రెడ్డెమ్మ లేచి నిలబడింది. తెలివైన పిల్ల, దేన్నీ ఊరికే నమ్మదు.

"టీచర్, మా అవ్వకి ఈ ఏడు గూడా నారి వచ్చుండాది. ఇనుము వచ్చినట్ల నారి గూడా దీనికి అంటుకోని వస్తాదా?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల నా పాఠాన్ని తనకు కావలసిన చోట పెట్టి చూసింది, అది అక్కడ పనికిరాలేదు. అయస్కాంతాన్ని బీరువాలో పడేసి, గాజు గ్లాసు, భూతద్దం, మా ఇంటినుంచి తెచ్చిన పాత పంచె ముక్క తీసుకుని క్లాసును దిగుడుబావికి నడిపించాను. నాయుడు గారు వరండాలోంచి చూశారు. లోపలికి పోయారు.

బావి నీళ్ళు గ్లాసులో ముంచి ఎండకు పట్టాను. తెల్లటి నలుసులు ఎగిరెగిరి పడుతున్నాయి. భూతద్దంలో చూసినవాళ్ళు చూసినట్టే వెనక్కి తగ్గారు. నారి ఉన్న మనిషి కాలు నీళ్ళలో పెడితే పురుగు పిల్లల్ని వదులుతుందనీ, వాటిని ఈ నలుసులు మింగుతాయనీ, ఈ నలుసుల్ని మనం మింగుతామనీ, ఏడాదికి అది మన కాల్లోనుంచి బయటికొస్తుందనీ చెప్పాను. తరవాత పంచె ముక్కను నాలుగు మడతలు వేసి, అవే నీళ్ళు వడకట్టి చూపించాను. నలుసుల్లేవు. కట్టెలు అక్కరలేదు, పైసా ఖర్చు లేదు.

రెడ్డెమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. తరవాత, "అంటే ఇప్పుడు తాగితే వచ్చే ఏడు ఇదే కాలానికి. అంటే మా ఏడో క్లాసు పరీచ్చలకి" అంది.

"అవునమ్మా."

"ఇంతకు ముందు తాగేసింటే?"

ఎవరి కడుపులో ఏముందో ఏడాది గడిస్తే గాని తెలియదు. ఆ పిల్లకు అబద్ధం చెప్పలేక, "చూడాలి" అన్నాను.

అప్పుడు చిన్నప్ప అనే పిల్లవాడు మెట్ల పైనుంచి అడిగాడు. అతను హరిజనవాడ పిల్లవాడు. వాళ్ళెవరూ ఆ బావి మెట్లు దిగకూడదు. వాళ్ళ నీళ్ళు ఊరి అవతల కుంటలో. అందుకని గ్లాసును అంతకుముందే నేను పైకి తీసుకుపోయి అతనికి చూపించాను. "టీచర్, మీరు సెంబులో మీ ఇంటి నీళ్ళు తెచ్చుకుంటారే. గుడ్డేస్తే సాలు అంటే మీరు ఈ నీళ్ళు తాగుతారా?"

అంత సూటిగా నన్ను ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు. మా నాయన గుర్తొచ్చారు, నా కాళ్ళు గుర్తొచ్చాయి. నిజం చెప్పాలంటే భయం వేసింది. వడకట్టిన నీళ్ళు గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను. ఆ రోజునుంచి బడిలో అవే నీళ్ళు తాగాను. ఇంట్లో చెప్పలేదు. ఏడాది పాటు రోజూ పొద్దున నా చీలమండలు తడిమి చూసుకుంటూ బతికాను.

అవ్వ మంట

మర్నాడు పిల్లలు నా అనుమతి లేకుండానే పాఠాన్ని ముందుకు తీసుకుపోయారు. రెడ్డెమ్మ అవ్వ ప్రతి మధ్యాహ్నం బావికి వచ్చి చివరి మెట్టు మీద కూర్చుని, మండే కాలు నీళ్ళలో పెట్టుకునేది. ఆ మంటకు వేరే ఉపశమనం లేదు. ఆ ఊళ్ళో నారి వచ్చినవాళ్ళందరికీ అదే వైద్యం, అందరికీ నారి తెచ్చిపెట్టేదీ అదే వైద్యం. రెడ్డెమ్మ చేతులు చాపి మెట్లకు అడ్డం నిలబడింది. ఊరందరి ముందూ మనవరాలు అడ్డం నిలిస్తే ముసలామె అక్కడే కూలబడి ఏడ్చిందట.

మూడో రోజు రెడ్డెమ్మ బడికి రాలేదు. సాయంత్రం వాళ్ళింటికి పోయాను. తండ్రి చెంగల్రాయుడు అరుగు మీద ఉన్నాడు. నాకు చాప వేసి మర్యాదగానే మాట్లాడాడు.

"బావికి పోవద్దంటిరి. సరే, నిజమే అయ్యుంటాది, నాకేమన్నా తెలుసునా? మా యమ్మకి కాలు మండతా ఉండాది. నీళ్ళు ఇంటికే తెచ్చిపోయల్ల గదా. నేను, మా ఇంటామె గానుగకి పోతే గాని కుదరదు. ఇంక ఎవురు తెస్తారు? రెడ్డెమ్మే తెస్తాది. అది నీళ్ళు తెస్తే బడికి ఎట్ల వస్తాది, మీరే సెప్పండి."

లోపలినుంచి అవ్వ గొంతు వినబడింది. "ఆ టీచరమ్మకి నారి వచ్చింటే తెలిసుండేది, మంట అంటే ఏందో!"

కోపంతో పోయాను, అది కాస్తా చల్లారింది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నా పాఠం ఖరీదు ఆ పిల్ల చదువు. నారి తప్పించుకుని బడి పోగొట్టుకుంటే, నారి వచ్చి బడి పోయినవాళ్ళకూ తనకూ తేడా ఏముంది? చాప మీదినుంచి లేచి వచ్చేశాను. పాకాల స్టేషన్లో బెంచీ మీద కూర్చోలేక ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగాను.

మర్నాడు క్లాసులో సంగతి చెప్పాను. ఉపాయం పిల్లలదే. బడి మొదలయ్యే ముందు రోజుకు కొందరు వంతులేసుకుని అవ్వకు నీళ్ళు పోసిరావాలి. పెద్ద మట్టి తొట్టి ఇంటి వెనక నీడలో పెట్టారు. అవ్వ అందులో కాలు పెట్టుకుంటుంది. వాడిన నీళ్ళు బావి వైపు కాకుండా దిబ్బ మీద పారబోయాలి. బావిలోకి దిగేవాళ్ళు కడవలు ముంచి మెట్ల పైకి అందిస్తే, చిన్నప్పా వాళ్ళ వాడ పిల్లలూ అందుకుని ఇంటికి మోసేవాళ్ళు.

వాళ్ళు ముట్టుకున్న కడవ నీళ్ళు ఇంటికి రానిస్తారా అని నాకు అనుమానంగా ఉండేది. అవ్వ తేల్చేసింది. "తాగేదానికి గాదు గదా, కాలికే గదా. ఎవురు తెస్తే ఏమి?" నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. దీన్ని సంస్కరణ అని మాత్రం నేను ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ మరుసటి రోజునుంచే రెడ్డెమ్మ మళ్ళీ ముందు వరసలో కూర్చుంది. పిల్లలు చెమటలు కక్కుతూ వచ్చేసరికి బెల్లు వేళ దాటిపోయేది. నాయుడు గారు వరండాలో నిలబడి, దూరంగా పిల్లల తలలు కనబడ్డాకే బెల్లు కొట్టించేవారు. నేను కృతజ్ఞతలు చెప్పబోతే, "నా గడియారం నిదానంగా పోతా ఉందమ్మా, రిపేరుకు ఇవ్వాల" అన్నారు. బోర్డు మూలన అయస్కాంతములు అలాగే ఉంది. చెరిపేయమని ఆయన చెప్పలేదు, నేనూ చెరపలేదు.

తనిఖీ

డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు చెప్పకుండా వచ్చారు. వచ్చేసరికి బెల్లు కాలేదు, ఆరో తరగతి ఖాళీ. అంతలో పిల్లలు తడిసిన బట్టలతో పరుగెత్తుకొచ్చారు.

"ఈ వారం ఏం నేర్చుకుంటున్నారు?" అని అడిగారాయన, కన్ను బోర్డు మూల మీద ఉంచి.

రెడ్డెమ్మ లేచింది. "నారి రాకుండా నీళ్ళు వడకట్టేది సార్. అవ్వకి నీళ్ళు పోసేది గూడా."

ఆ జవాబుకు నేను ఇప్పటికీ గర్వపడతాను. ఆయనకు మాత్రం అది నేరాంగీకారంలా వినబడింది. పుస్తకంలో ఏ పేజీ అన్నారు. పేజీ లేదు. పిల్లలచేత ఒకరి ఇంట్లో నీళ్ళు మోయించారన్నారు. అదీ నిజమే. ఆయన్ని దుర్మార్గుడని అనను. పిల్లల్ని ఇంటి చాకిరీకి వాడుకునే మేష్టర్లు జిల్లాలో చాలామందే ఉండేవాళ్ళు, అలాంటివాళ్ళను పట్టుకోవడం ఆయన పనే. ఆగి ఒక్క ప్రశ్న అదనంగా అడిగి ఉంటే తేడా తెలిసేది. అధికారుల్లో చాలామందికి ఆ రెండో ప్రశ్న అడిగే ఓపిక ఉండదు.

నాయుడు గారు లేచి నిలబడి, "పంపింది నేనే సార్. బెల్లు ఆపింది గూడా నేనే" అన్నారు. నేను ఆయన మొహంకేసి చూడలేకపోయాను. అయినా మెమో నాకే వచ్చింది. జూనులో తిరుపతి అవతల వేరే బడికి బదిలీ అయింది. ఆయనకు రావలసిన ఇంక్రిమెంటేదో కూడా ఆ ఏడు ఆగిందని తరవాత విన్నాను. ఆయన నోటితో ఎప్పుడూ చెప్పలేదు.

పాకాలలో

కొత్త బడిలో నా ఒంటికి కుదురు లేదు. పాఠం మధ్యలో ఎక్కడో ఆగిపోయేదాన్ని. వర్షాలు పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండ మొదలైంది. నా చీలమండలు బాగానే ఉన్నాయి. మరి ఆ పిల్లలవి? ఉత్తరం రాయడానికి మనసొప్పలేదు. రాస్తే ఏం జవాబు వస్తుందో అని భయం.

ఏప్రిల్లో కామన్ పరీక్షల మొదటి రోజు సెలవు పెట్టి పాకాలకు పోయి, పరీక్ష జరిగే బడి గేటు దగ్గర నిలబడ్డాను. ఊళ్ళనుంచి పిల్లలు గుంపులుగా వస్తున్నారు. అందరివీ చెప్పుల్లేని కాళ్ళే, మోకాళ్ళదాకా దుమ్ము. మొహాలు చూడకుండా కాళ్ళే చూస్తూ నిలబడ్డాను. మా ఊరి పిల్లలు కనిపించారు. ఒక్కొక్కరే నన్ను దాటి పోతున్నారు, నమస్తే టీచర్ అంటున్నారు, చక్కగా నడుస్తున్నారు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. రెడ్డెమ్మ మాత్రం లేదు.

అందరికన్నా వెనక కనబడింది. చాలా మెల్లిగా వస్తోంది. ఎదురు పరుగెత్తాను. దగ్గరికి పోయాక తెలిసింది, కుంటుతున్నది తను కాదు. చిన్నప్ప ఆమె భుజం పట్టుకుని ఒంటికాలి మీద వస్తున్నాడు. వాడి చీలమండకు గుడ్డ కట్టి ఉంది. గుడ్డలోనుంచి పుల్ల బయటికి కనబడుతోంది.

"నాకు రాలేదు టీచర్" అంది రెడ్డెమ్మ, తప్పు చేసినట్టు. "బావి నీళ్ళు తాగే పిల్లోళ్ళకి ఎవురికీ రాలేదు. అవ్వకి మాత్రం ఇంకో కాలికి వచ్చింది, బావికి పోలేదు, తొట్టిలోనే పెట్టుకొంటాది."

"నీకెట్లా వచ్చింది నాయనా? గుడ్డ వేసుకుని తాగలేదా? నేను చెప్పకముందే తాగి ఉంటావా?"

"లేదు టీచర్, ఎప్పుడూ ఏసుకోలేదు" అన్నాడు చిన్నప్ప. వాడికి నా మీద కోపమేమీ లేదు. నాకు వివరించి చెబుతున్నాడు, అంతే. "మీరు గ్లాసులో సూపించింది బావి నీళ్ళు గదా. పురుగులుండేది బావిలో గదా. మాది కుంట. మా యమ్మకి సెప్తే ఆయమ్మ శానా సంతోషపడింది. మనల్ని ఆ బావిలోకి దిగనీకపోయేది మంచిదే అయ్యింది లేరా అనింది."

నేను ఒక్క నీళ్ళే చూపించాను. ఒక్క బావికే పోయాను. తక్కినదంతా పిల్లలు అర్థం చేసుకుంటారని అనుకున్నాను. వాళ్ళు అర్థం చేసుకున్నారు, నేను చూపించినంత వరకు తూచా తప్పకుండా. ఆ మెట్ల పైన నిలబడి ఏ నీళ్ళు చూడమంటే ఆ నీళ్ళు చూసిన పిల్లవాడికి, తన నీళ్ళ గురించి నేను ఒక్క మాటా చెప్పలేదు. ఈ వారం ఏం నేర్చుకున్నారు అని ఆ వారం చివర నేనే ఒకసారి వాళ్ళను అడిగి ఉండవలసింది. అది ఇన్‌స్పెక్టర్లు అడిగే ప్రశ్న అని విసుక్కుని అడగలేదు.

లోపల బెల్లు కొట్టారు. రెడ్డెమ్మ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని వాణ్ణి బెంచీ దాకా తీసుకుపోయాం. పరీక్ష అయ్యేదాకా గేటు బయట తిరుగుతూనే ఉన్నాను. వాడు రాశాడు. కాలు బెంచీ మీద చాపుకుని, అన్నిటికీ జవాబు రాశానన్నాడు.

"మీ కుంట ఎంత దూరంరా?" అన్నాను.

"బస్సు దిగినాక ఊరు దాటి పోవల్ల టీచర్. మీకు తెలీదు."

"నువ్వెప్పుడైనా పోయినావా?" అని రెడ్డెమ్మను అడిగాను. పుట్టినప్పటినుంచి ఆ ఊళ్ళోనే ఉన్న పిల్ల తల అడ్డంగా ఊపింది.

తిరుపతి రైలు పోనిచ్చి వాళ్ళతో బస్సెక్కాను. ఊరి దగ్గర దిగి, బడి దాటి, దిగుడుబావి దాటి, నేను ఎన్నడూ పోని దోవలోకి తిరిగాం. దోవ తెలిసినవాడు చిన్నప్ప ఒక్కడే. అందుకని వాడు ముందు, దోవలో ఏరుకున్న కర్ర పోటు పెట్టుకుంటూ, రెండడుగులకు ఒకసారి ఆగుతూ. వాడి వెనక మేమిద్దరం. కాళ్ళకు చక్రాలున్నాయని పేరు తెచ్చుకున్నదాన్ని, నా జన్మలో అంత మెల్లిగా ఎప్పుడూ నడవలేదు.